మూడో నంబరు హెచ్చరిక

పొగతోటలో సందు చివర మా ల్యాబు.
ఆరున్నరకే బెంచీ నిండుతుంది.
ఇసకపల్లి నుంచి మొదటి బస్సుకొస్తుంది మస్తానమ్మ,
రోహిణి కార్తెలో, నెల్లూరు ఎండలో,
భుజాల చుట్టూ తువ్వాలు కప్పుకొని.
"చలిగా ఉండాది పాపా" అంటుంది.
బెంచీ మీద జనం నవ్వుతారు.
నేను సూది విప్పుతూ
ఆమె అరచేతుల్లో ఉప్పు కోసిన గీతలు చూస్తాను.

పోయిన నెల కాగితం కొంగులోంచి తీసింది.
"గొంతులో ఉప్పు తక్కవైందంటన్నారు మావోళ్లు.
ముప్పయ్యేళ్లుగా ఉప్పు మళ్లలో ఉండా,
నాకు ఉప్పు కరువా?"

కరువు కాదు. ఎట్లా చెప్పాలి?
పుస్తకాలు ఆ గ్రంథిని సీతాకోకచిలుక అంటాయి.
నాకు మాత్రం అవి మీ మళ్లే:
గుండ్రటి చిన్న చిన్న మళ్లు, చుట్టూ కణాల గట్టు,
మధ్యలో చిక్కబడే నీళ్లు.
కణానికీ కణానికీ నడుమ ప్రొటీన్ల తూములు.
ఇది గుటక వేస్తే అదెరుగును.

అట్లాంటి చోట ఎవరో జెండా ఎత్తారు,
కృష్ణపట్నం రేవులో ఎత్తుతారే, అట్లాంటిది.
సైటోకైన్లని పేరు. నలుసులో నలుసు చీటీలు.
పరాయివాడు దిగాడు.
అంతే వాటిలో రాత.
ఒక కణం చదివి పదింటికి చెబుతుంది,
ఆ పదీ ఊరుకోవు.
చేతులు మారేకొద్దీ
వాయుగుండం తుపానవుతుంది.

ఆకాశంలో మబ్బు తునకైనా లేదు.
అయినా తెల్లకణాలు కర్రలు పట్టుకొని గట్లెక్కాయి,
సొంత మడినే తొక్కుతున్నాయి.
తూములు పూడుతున్నాయి.
పక్క మడి పిలిస్తే ఈ మడికి వినపడదు.
పైన, మెదడు కింద వేలాడే ఓ చిన్న మేస్త్రీ
పని చెయ్యండి, పని చెయ్యండి అని అరుస్తూనే ఉన్నాడు.
నీ కాగితం మీద ఆ అరుపు అరవై రెండు.
నిరుడు నా కాగితం మీద నలభై ఒకటి,
నేనే టైపు చేసుకున్నా,
నేనే సంతకం పెట్టుకున్నా.

ఇదంతా చెప్పానా? సగం చెప్పాను.
మిగతా సగం ట్యూబు మీద పేరు రాస్తూ మింగేశాను.

"మరా జెండా దించేదెవురు?"

తెలీదమ్మా.
పరగడుపున వేసుకునే ఆ మాత్ర కూడా దించదు.
పాడైన మడికి బయట్నుంచి ఉప్పు తెచ్చి పోస్తుంది,
రోజూ, బతికినన్నాళ్లూ.

ఆమె కాసేపు గోడ గడియారం వంక చూసింది.
"పోనీలే. తుపాను రాలేదని తెలిసినాక గూడా
మావోళ్లు రెండ్రోజులు యేటకి పోరు.
బయం తగ్గాల గదా పాపా."

మోచేతి మడతలో దూది అదిమిపట్టి
తువ్వాలు సర్దుకొని లేచింది.
పిలిచి దూది ఎత్తి చూశాను. నెత్తురు ఆగింది.
ఆ చోటికి మాత్రం
ఎవరో సరిగ్గానే చెప్పారు.