కింద ఇంకో చెయ్యి

పుత్తూరులో రైలుగేటు దాటినాక మూడో సందు.
గుడ్డుసొన వాసన, ఆకుపసరు వాసన,
గోడకు ఆనించిన వెదురుబద్దల కట్టలు.
మావోడు బండి మీంచి పడినాడు, ముంజేయి విరిగింది.
బెంచీ మీద మా ముందర తొమ్మిది మంది,
తమిళంలో మూలిగేవాళ్ళు, తెలుగులో మూలిగేవాళ్ళు.

చెంగల్రాయుడు ముందు మావోడి చెయ్యి తాకలేదు.
శిష్యుణ్ణి పిలిచినాడు. మునికిష్ట. మీసాలు ఇప్పుడిప్పుడే.
తుండుగుడ్డతో వాడి కండ్లు కట్టి
"చెప్పురా, యాడ?" అన్నాడు.
వాడి వేళ్ళు మణికట్టు కాణ్ణించి పైకి
చీమల్లాగా నడిచినాయి.
"ఈడ మామా. ఒకటే."
"రెండు. మళ్ళా చూడు."

వాడొచ్చి మూడేండ్లంట.
మొదటేడంతా బద్దలు చీల్చడమే.
రెండో ఏడు మేకలు, కుక్కలు, కాలిరిగిన ఒక నెమలి.
ఇప్పుడు మనుషులు.
అయినా వాడి చెయ్యి కింద ఎప్పుడూ
ముసలాయన చెయ్యి ఒకటి ఉంటాది.

నాకిచ్చింది పదకొండు రోజులు.

కోర్సు మూడు నెలలని కాయితంలో ఉండె.
సిమ్యులేటర్ మీద టార్పాలిన్ కప్పి ఉండె.
ఏదో పార్టు రావాలంట,
నేను పోయినప్పట్నుంచీ వస్తానే ఉండె.
పుస్తకం ఎవరి భాషో. స్విచ్చుల పక్కన
పెన్నుతో రాసి అంటించిన ప్లాస్టరు ముక్కలు,
చెమటకు సగం చెరిగిపోయి.
పరీక్షరోజు సుబేదారు సారు
జవాబులు బోర్డు మీద రాసి టీ తాగను పోయినాడు.
అందరం పాసు. నాకు నూటికి తొంభై ఆరు.
కార్వేటినగరంలో మాయమ్మ ఆ సర్టిఫికెట్టుకు
అద్దం కట్టించి పెట్టింది,
లక్ష్మీదేవి పటం పక్కన.

ఆ రాత్రి తెర మీద చుక్క.
పచ్చటి దిష్టిచుక్క.
నువ్వెవరని మిషన్ అడిగింది. జవాబు రాలేదు.
ఎట్లొస్తాది, పొద్దున్నే కోడ్ మారింది,
మారిన కాయితం ఆఫీసు ట్రేలో
పేపరువెయిటు కింద పడుకోనుండాది.
పద్దెనిమిది సెకండ్లు.
పక్కగదికి ఫోన్ చేస్తే ఎంగేజ్.
ఇంకోసారి అడగడం ఎట్లాగో
పుస్తకంలో ఏదో ఒక పేజీలో ఉండే ఉంటాది.
బొటనవేలికి ఒక్కటే పని తెలుసు.

మనోళ్ళే. ఐదు మంది.
ఒకతను దిగేముందు రోజూ రేడియోలో
చాయ్ మిగిల్చినారా అని అడిగేటోడు.
ఆ గొంతు నాకు నిద్రలో కూడా తెలుసు.
చుక్కకు గొంతు లేదు.

ఎంక్వయిరీలో ఒక్క వాక్యం రాసినారు:
యంత్రలోపం లేదు, మానవ తప్పిదం.
ఆ వాక్యంలో మానవుడంటే
నాయక్ ఢిల్లీబాబు ఒక్కడే.
టార్పాలిన్ మానవుడు కాదు.
ట్రే కాదు,
మూడు నెలల్ని పదకొండు రోజులు చేసిన సంతకమూ కాదు.
నేను తప్పు చెయ్యలేదని కాదు చెప్పేది.
చేసినా. నా వేలే.
అన్నం కలిపేటప్పుడు ఇప్పటికీ
దాన్ని రవ్వంత ఎడంగా పెట్టుకుంటా.

"రెండు మామా," అన్నాడు మునికిష్ట.
"ఇది పెద్దది. ఇది వెంట్రుకవాసి."
ముసలాయన మెచ్చుకోలేదు.
కండ్లగుడ్డ విప్పి, "సొన గిలకొట్టు పో" అన్నాడు.

మావోడు ఒక్కసారి అరిచినాడు. అంతే.
బద్దలు పెట్టినారు. గుడ్డ చుడతా ముసలాయన
"ఈ కొన నువ్వు పట్టుకో నాయనా" అన్నాడు నాతో.
నా చెయ్యి ముందుకు పోలేదు.
"ఎంత గట్టిగా?" అన్నా.
అన్నాక తెలిసింది,
ఏ మిషన్ ముందరా నేనీ మాట అడగలేదు,
అడగొచ్చని ఎవరూ చెప్పలేదు.

ఆయన నా బొటనవేలి మీద
తన బొటనవేలు పెట్టి నొక్కినాడు.
"ఇంత."