ఉప్పు గాలి

విండోస్ సంగతి నన్నడక్కు.
పెళ్లిపీటల మీదున్నా సరే
"అప్‌డేట్, కదలకు" అంటుంది.
మ్యాక్ అంటావా, బీచ్ రోడ్డు ఫ్లాటు:
సముద్రం కనబడుతుంది,
గోడకి మేకు కొడతానంటే అసోసియేషన్ ఒప్పుకోదు.
లైనక్స్ నాది. పద్నాలుగేళ్లుగా నాది.
సౌండు రాదు.
అయినా నాది.

రుషికొండ ఆఫీసులో ఇలా అరిచీ అరిచీ
నిన్న ఫిషింగ్ హార్బరుకెళ్లాను,
ఐసు ఫ్యాక్టరీ కాటా చూడమంటే.
ఎక్స్‌పీ!
తెర మీద చేప పొలుసులు,
కీబోర్డులో తొమ్మిది ఊడిపోయి
అక్కడో చింతగింజ.
"ఇది పీకి పారేద్దాం" అన్నాను.
నూకరత్నం దిమ్మని కాటా మీదికి నెట్టి
"బరువు తప్పు సూపిత్తందేటి?"

లేదు.

పోర్టుల్లో తుప్పు గీకి, మూత బిగించి
బండెక్కాను.
ఒంటిగంట దాటింది,
ఇంకా సౌండు డ్రైవరు వెతుకుతున్నాను.