ఆరు తులాలు

"ముందు బరువు తెలుసుకొని రా" అన్నడు
ఫోన్ల నృపేన్ మండల్.
"గడ సంగతి తర్వాత. నువ్వు విసిరేది ఎంత?"

కిరాణం తక్కెడల పెడితే ముల్లు ఉలకలేదు.
ఔసలి విఠోబా దగ్గరికి పోయిన.
ముక్కుపుల్లలు తూచే పళ్లెంల
నా కట్టెచేప పక్కకు ఒరిగి పండుకుంది.
మూడు ఎండకాలాలు ఎండిన టేకుముక్క,
కడుపుల సీసం, రెండు గాలాలు,
సాంబక్క గోళ్లరంగుతోటి దిద్దిన కన్ను.
వాలుగ నోటికి చిన్నది ఆనదని
జానెడు చెక్కిన.
"ఆరు తులాలు" అన్నడు ఔసలి,
"బంగారమైతే నీకు దండం పెడుదును."

సిరోంచ నుంచి ఆలపల్లి దాకా బస్సుల
ఆరు తులాలు జేబుల ఉన్నయి.
గాలాలకు బెండుముక్కలు గుచ్చినా
గుంత వచ్చినప్పుడల్లా తొడను గిల్లినయి.

నలభై ఏడేండ్లు. వల విసిరినోన్ని.
మణికట్టుకు తాడు, పండ్ల నడుమ అంచు.
నా వల నీళ్ల మీద
తట్ట బోర్లించినట్టు పడేదనేటోళ్లు.
పోయినేడు కుడిభుజం జారింది.
ఎక్కించిన డాక్టరు
చెయ్యి చెవి దాటొద్దన్నడు.
వల ఇప్పుడు అటుక మీద, ఎలుకల పాలు.

నృపేన్ ముల్చేర బెంగాలీ.
ఆయన మరాఠీల బెంగాలీ, నా మరాఠీల తెలుగు.
చేప దగ్గరికి వచ్చేసరికి
ఇద్దరం తప్పు లేకుంట మాట్లాడుతం.

గోడకు ఇరవై గడలు.
నా చెయ్యి ఎర్రదాని మీదికి పోయింది.
"రంగు నువ్వు చూస్తవు, చేప చూడది. ఇటు చదువు."
పిడి పైన చీమలబారు లెక్క రాత.
"పది నుంచి ముప్పై గ్రాములట.
నీ ఆరు తులాలు డెబ్బై.
కోడిపిల్ల మీద గోనెసంచి మోపుతవా?"

దానికే కట్టి లేపమన్నడు.
కొన వంగి వంగి నా చెప్పులకు మొక్కింది.
లావుదానికి కట్టిండు.
అది మా పెదనాయిన లెక్క,
ఎవరేం చెప్పినా కదలలేదు.
"సముద్రపోళ్లది. కొత్తోని భుజం పీకుతది."
భుజం మాట నేనింక ఎత్తనే లేదు.
ఎడమచేత్తో లేపుతుంటే చూసిండేమో.

మూడోది నల్లది. పెద్ద అందమేం లేదు.
ఏడడుగుల తొమ్మిదంగుళాలు.
కొన కొంచెం, నడుము ఇంకొంచెం వంగి
అక్కడ ఆగింది,
పాలు పోసుకున్న జొన్నకర్ర లెక్క.
"నువ్వు విసరకు. ఇది విసురుతది.
వెనక బరువు తెలిసేదాక ఓపిక పట్టు.
పిడి ఎందుకు పొడుగు? రెండో చెయ్యి కోసం.
ఎడమది గుంజాలె, కుడిది తొవ్వ చూపాలె."
ఉంగరాలల్ల దూది తిప్పి చూపించిండు,
పోగు తట్టుకుంటే దారం తెగినట్టేనట.
రెండు ముక్కలయ్యేదే ఇచ్చిండు, బస్సుకు.

ఎర్రదాని కంటే ఆరువందలు తక్కువ.
ఎందుకో అదే నన్ను కొంచెం బాధపెట్టింది.

పొద్దుగూకినంక ప్రాణహిత.
సిగ్గుకు, ఎవ్వరు లేని రేవు చూసుకున్న.
మొదటిది నా వెనక తుమ్మకు పట్టింది.
ముండ్లల్ల నుంచి తీసేసరికి
సాంబక్క దిద్దిన కన్ను సగం గీసుకపోయింది.
రెండోది కాళ్ల ముందట పడ్డది.
మూడోదానికి ఆగిన.
ఆగితే,
బరువు వెనక నుంచి మెల్లగ గడలకు,
గడ నుంచి నా ఎడమ మోచేతికి వచ్చింది,
సంతల ఎవరో గుర్తుపట్టి చెయ్యి పట్టుకున్నట్టు.
వదిలిన.

ఎంత దూరం పోయిందో కనవడలేదు.
అవతలి ఒడ్డు తెలంగాణ.
వాళ్ల దిక్కే ఎక్కడో బుడుంగుమన్నది.

వాలుగ రాలేదు.
రీలు చుట్టుకుంట చుట్టుకుంట
పండ్ల నడుమ ఏమీ లేదని తెలిసింది.
కొద్దిసేపు నోరు ఎట్ల పెట్టుకోవాలెనో
సమజు కాలేదు.