కొమ్ము తూటా

దువ్వెనలు కోసే కొట్టుకి తుపాకీ ఎందుకొచ్చిందంటే
ఆ రోజుల్లో పర్లాకిమిడి మొత్తానికి
వెంట్రుకవాసి తేడా పట్టే వేళ్ళు
మా గురువు బృందావన మహారాణావే.

గుణుపురం బండి దిగి
కలప కాంట్రాక్టరు పాత్రో గారు గోనెపట్టా విప్పారు.
అంత పొడుగు రైఫిలు అంతకుముందు చూళ్ళేదు నేను.
దించిన బరువుకి బల్లమీది కొమ్ముపొట్టు లేచి
నా కనురెప్పల మీద వాలింది.

వెనకే గుమ్మంలో ఆగిన మనిషి లిమ్మో సవర.
కుడిచేతికి మూడు వేళ్ళు.
గాయపడ్డ అడవిదున్న పొదలోంచి లేచిన పూట
పాత్రో గారి మొదటి తూటా పేలింది,
రెండోది గొంతులో ముద్దలా అడ్డంపడింది.
లిమ్మో మిగతా రెండు వేళ్ళూ
సెరంగో కొండల్లో ఎక్కడో ఉన్నాయి.

"ఏటి రోగం దీనికి?" అన్నారు పాత్రో గారు,
పశువుల డాక్టర్ని అడిగినట్టు.
గురువు ఇరుక్కున్న తూటానే అడిగాడు.
దాని సీసపు ముక్కు కింద
గోరుచుక్కంత సొట్ట.
"నిద్దట్లో నడిచినోడు గడప తన్నుకోడూ?
ఇదీ అంతే."

నిజం మందుతో ఆడకూడదని
గేదెకొమ్ము తొలిచి నాలుగు తూటాలు తీశాడాయన.
కడుపులో సీసం పోసి
నగల త్రాసులో బరువు సరితూచాడు.
ఊరి గేదె కొమ్మే అది.
అయినా లిమ్మో ముట్టుకోలేదు.

మూడు రోజులు కొట్టు నిండా ఒకటే చప్పుడు.
టక్కు, సర్రు, టక్కు.
కొమ్ము తూటాకి దీపంమసి పూసి తోస్తే
ఎక్కడ ఒరుసుకుందో అక్కడ మసి పోతుంది.
ఆ తెల్లటి గీత చదవడం
నాకు అక్షరాలకన్నా ముందొచ్చింది.

అడుగు పలక విప్పితే
స్ప్రింగు ముందుకొస వెనకాల ఉంది.
కిందటి వానాకాలం తుడిచి తిరిగి పెట్టిన చెయ్యి ఎవరిదో
పాత్రో గారు చెప్పలేదు.
గొడుగు మడతలు సర్దుకున్నారు.

ఇక మిగిలింది గడప.
నేను ఆకురాయి అందించబోతే
నా మణికట్టు మీద ఒక్కటిచ్చాడు గురువు.
"కొమ్మయినా ఇనుమయినా
తీసింది తిరిగి అతకదురా. బతిమాలు."
దువ్వెనపళ్ళకి మెరుగుపెట్టే బద్దతో
బొగ్గుపొడి, చుక్క నూనె,
పొద్దు వాలేదాకా బతిమాలాం.

నాలుగు తూటాలూ నీళ్ళలా జారాయి,
గురువు చేతిలో.
పాత్రో గారి చేతిలో రెండోది రానేలేదు.
ఈసారి ఇరుక్కోనూ లేదు,
ఖాళీ గదికి తలుపు మూసుకుంది, అంతే.

అప్పుడు లిమ్మో లేచాడు.
ఎవర్నీ అడక్కుండా తుపాకీ అందుకుని
మూడు వేళ్ళతో బోల్టుని
వెనక్కి, ఇంకా వెనక్కి,
ఇనుము ఇక చాలనేదాకా లాగి, తోశాడు.
తూటాలు ఒక్కొక్కటే ఎగిరి పొట్టులో పడ్డాయి.
"బాబు సగవే లాగుతాడు,
దున్న అగుపడితే పావే."

ఎవరూ నవ్వలేదు.
దూరంగా నౌపడా చిన్నరైలు కూసింది.
గురువు పన్నెండు రూపాయలడిగితే
పాత్రో గారు ఇరవై బల్లమీద పెట్టి
చిల్లర కోసం ఆగకుండా వెళ్ళిపోయారు.

తరవాత కొన్నేళ్ళకి వేటలు కట్టేశారు.
ఆ రైఫిలు ఠాణాలో జమపడిందని విన్నాను.
కొమ్ము తూటాల్లో ఒకటి గురువు మనవడికి బొంగరమైంది,
రెండు ఏమయ్యాయో తెలీదు,
నాలుగోది నా దువ్వెనల పెట్టెలో ఉండేది.

గురువు పోయిన ఏడు, సంతరోజు,
జుట్టు నెరిసిన లిమ్మో పెళ్ళాంకోసం దువ్వెన బేరమాడుతూ
దాన్ని చూశాడు.
చాలాసేపు చూసి, మూడు వేళ్ళతో తీసి,
అరచేతిలో రెండుసార్లు ఎగరేసి
"బరువుంది," అని
మళ్ళీ పెట్టెలో పెట్టేశాడు.
దువ్వెనకి పావలా తగ్గించమన్నాడు.