కింది గీత

సిరోంచ బస్టాండుకు ఎదురుంగ మా జిరాక్సు దుకాణం.
పోయిన ఆషాఢంల ప్రాణహిత వెనక్కి తన్ని
పత్తిచేన్లు మునిగినంక
పంచాయతీ జాబితా నేనే కొట్టిన,
ఎడమ దిక్కు మరాఠీ, కుడి దిక్కు తెలుగు.
బోర్డు మీద అతికిచ్చి చాయ్ తాగొచ్చేలోపు
జాడి చిన్నక్క వచ్చి నిలబడ్డది.

ముప్పై నాలుగో వరుస మీద వేలు పెట్టి
"ఇదెవలు, చినక?" అన్నది.
"నా పేరుకు కాళ్లేవి?"

చూస్తే నిజమే.
కింద బక్కయ్య బకయ అయిండు,
పైన ఎల్లవ్వ ఎలవ.
నా తెర మీద ఉన్నయి, కాయితం మీద లేవు.
మునిగినోళ్ల పేర్లన్నీ
మోకాళ్ల దాకా మునిగే ఉన్నయి.

మరాఠీ దిక్కు ఒక్క నలత లేదు.
దండెం మీద ఆరేసిన బట్టల లెక్క
ఆ అక్షరాలు పైగీతకు వేలాడతయి,
కింద వాటికి పెద్దగ పనుండదు.
మనయి అట్ల కాదు.
గుడి ఒకటి నెత్తినెత్తుకొని,
ఒత్తు కిందికి దిగి
పక్క వరుసోని ఇంటికప్పు తొక్కుతది.

రాత్రి షట్టరు సగం దించి
ఫాంటు కడుపు తెరిచి చూసిన.
పైకి ఎంత, కిందికి ఎంత, వరుసకు వరుసకు నడుమ ఎంత,
మూడే మూడు అంకెలు.
కని ఆ మూడూ మూడు చోట్ల రాసుంటయి,
ఒకచోటిది ఇంకోచోటికి కలువదు.
తలాఠీ దగ్గర ఎకరం పది గుంటలు,
తహసీల్ల ఎకరం,
సాత్‌బారా మీద చేనే లేదు, అట్ల.
నా కంప్యూటర్ ఒకదాన్ని నమ్ముతది,
పంచాయతీ ప్రింటర్ ఇంకోదాన్ని,
సర్పంచ్ ఫోన్ల తెరిస్తే
వరుసలు ఎడం ఎడంగ, పండ్లూడిన నోరు.

కిందికి దిగే కొలతను ఋణంల రాస్తరు.
మైనస్ రెండు వందలని పెట్టిండు ఎవడో.
అ ఆ ఇ ఈ కొట్టి చూసుకొని పండుకున్నట్టుండు,
'స్త్రీ' అని ఒక్కసారి కొట్టినా తెలిసేది.
నేను ఆరు వందలు చేసిన, మూడు చోట్లా.
నేల కింద మనకెప్పుడూ ఋణమే గదా,
ఇంకింత కానీ.

పేజీన్నర జాబితా మూడు పేజీలైంది.
గ్రామసేవక్ బోర్కుటే కాయితం దండగన్నడు.
"వరుసల నడుమ గింత ఖాళీ ఎందుకు?"
నేను ఘాటు దిక్కు చూపిచ్చిన.
అక్కడ రాతి మీద నీళ్ల ఎర్రగీత,
దాని పైన పదకొండు నెలలు ఉత్తగ పడి ఉండే మెట్లు.
వాటిని దండగని ఎవరూ అనరు.
ఆయనకు అర్థమైందో లేదో, సంతకం మాత్రం పెట్టిండు.

చిన్నక్క మళ్ల వచ్చింది.
ఈసారి వేలు పేరు మీద పెట్టలే,
పేరు కింద పెట్టింది.
న కింద న, క కింద క,
చీకట్ల మెట్లు దిగినట్టు తడిమి చూసుకున్నది.
"ఉన్నయి" అన్నది.
కొంచెం సేపాగి,
"పైసలెప్పుడు పడతయి?" అన్నది.

అది నా ఫాంటుల లేదు.