నింగ్బోలో చెల్లెలు

షావోషింగ్‌లో కాలువ పక్కన మంగలి కొట్టు మాది.
మాది అంటే ఛియు మాస్టారిది.
నేను వెంట్రుకలు ఊడ్చే కుర్రాణ్ణి, పదమూడేళ్ళు.

ఆ రోజు వాన. కొట్టు యజమాని పెంగ్ వచ్చాడు.
పది రోజుల కిందటే క్రాపు చేయించుకున్నవాడు
మళ్ళీ వచ్చి కుర్చీలో కూర్చున్నాడు.
మాస్టారు తువ్వాలు దులిపి మెడకు చుట్టారు.
ఎందుకొచ్చావని అడగలేదు.

నేను టీ పోశాను.
కప్పు అంచుదాకా పోస్తే ఇక లేవమని అర్థం.
వేలెడు కింద ఆపాను.

ముందు పంది మాంసం ధర మాట్లాడుకున్నారు.
తర్వాత కాలువలో నీటి మట్టం.
తర్వాత పెంగ్ మోకాలు.
కత్తెర ఉత్త గాలిని కత్తిరిస్తోంది,
ఆ తలమీద ఏముందని!

"మా చిన్నాడికి సంబంధం కుదిరింది," అన్నాడు పెంగ్, అద్దంతో.
"శుభం," అన్నారు మాస్టారు, అతని చెవి వెనక దువ్వుతూ.
"అమ్మాయికి కేకులు చేయడం వచ్చట."
"రోడ్డు మీదికి కొట్టుంటే బాగా అమ్ముడుపోతాయి."
ఆ మాటన్నది పెంగ్ కాదు. మాస్టారే.
పెంగ్ కళ్ళు మూసుకున్నాడు, నురగ పడ్డట్టు.
అప్పటికింకా నురగ రాయనేలేదు.

చల్లకొచ్చి ముంత దాచడం కాదది.
ముంత ఎక్కడుందో ఇద్దరికీ తెలుసు.
అటు చూడకపోవడమే మర్యాద.

కాసేపు రేకు మీద వాన.
"నాకూ చూపు ఆనట్లేదు," అన్నారు మాస్టారు,
నిన్న సాయంత్రం దీపం లేకుండా సూదిలో దారం ఎక్కించిన మనిషి.
"కొత్త సంవత్సరం దాటాక నింగ్బో పోదామనుకుంటున్నా, చెల్లెలి దగ్గరికి.
మీకెలా చెప్పాలా అని తటపటాయిస్తున్నా."

"అయ్యో! ఇరవై రెండేళ్ళు!" అన్నాడు పెంగ్.
"ఇక నా తల ఎవరి చేతుల్లో పెట్టను?"
ఆ గొంతు నిజంగానే పట్టేసింది.
నటన అనుకుందామంటే, కాదు.
నాకింతవరకూ కొరుకుడు పడనిది అదొక్కటే.

డబ్బు వద్దన్నారు మాస్టారు. పెంగ్ బలవంతపెట్టలేదు.
"నిదానంగా వెళ్ళండి, మెట్లు జారతాయి."
గొడుగు మలుపు తిరిగాక చూస్తే
దువ్వెనల డబ్బా కింద కవరు.
మూడు నెలల అద్దె.
కొన్ని మేమిచ్చిన నోట్లే, నూనె మరకలతో సహా.

"మాస్టారూ, నింగ్బోలో మీకు చెల్లెలుందా?"

ఆయన కవరు మళ్ళీ డబ్బా కిందే పెట్టారు.
"ఆ మూల ఊడవలేదు," అన్నారు.

ఊడ్చాను.
పెంగ్ వెంట్రుకలు చిటికెడు కూడా లేవు.
తడి నేలకి అంటుకుని
చీపురుకి ఎంతకీ రాలేదు.