లైను లేని ఓవర్లు

ఇప్పిలి వారి పక్కన
ఇరవై మూడేళ్లు కూర్చున్నాను.
ఆయనది మైకు, నాది పెన్సిలు.
ఆయన గుక్క తిప్పుకున్నప్పుడల్లా
చీటీ మీద అంకె రాసి ముందుకు జరిపేవాణ్ణి.
బౌలరుకి మూడో వికెట్టు.
జోడీ పరుగులు అరవై ఒకటి.
ఒకసారి మాత్రం, "మీసానికి చట్నీ అంటింది సార్."
తుడుచుకున్నారు,
రేడియోలో ఎవరికి కనబడుతుందనో!

మైకులో, "బంతి శరవేగంతో సరిహద్దు దాటింది."
మైకు ఆగితే,
"ఏటి సూరిబాబూ ఈ ఫీల్డింగు, గేదెల్ని తోలినట్టు!"
రెండు భాషల మధ్య ఒక స్విచ్చు,
స్విచ్చు మీద ఇంజినీరు డేనియల్ బొటనవేలు,
బల్ల మీద ఎర్రబల్బు.

అంతకుముందు పేపరు.
పోర్టుకీ షిప్‌యార్డుకీ లీగు మ్యాచి అయితే
ఎనభై మాటలు,
సినిమా ప్రకటన పడితే నలభై.
కత్తెరకి దొరకని వాక్యం ఒక్కటైనా కట్టాలని
డాబాగార్డెన్స్ దాకా సైకిలు మీద గొణుక్కుంటూ వెళ్లేవారట.
తెల్లారి చూస్తే స్కోరు మిగిలేది.
కింద పేరుండేది కాదు, "మా ప్రతినిధి" అని ఉండేది.
పెళ్లిచూపుల్లో మామగారు
పేపరు మడిచి పట్టుకుని అడిగారట,
"ఈ మా ప్రతినిధి అంటే మీరేనా?"

రేడియోలో పేరొచ్చింది, పేరుతో పాటు ఊరూ వచ్చింది.
ఒకటి సముద్రం ఎండ్,
రెండోది ఇడ్లీబండి ఎండ్.
యారాడ కొండ మీద మబ్బు కూర్చుంది కనక
బంతి ఇవాళ ఎవరి మాటా వినదనేవారు.
వానకి ఆట ఆగిన ఒక మధ్యాహ్నం
యాభై నిమిషాలు
లంగరేసిన ఓడల్ని లెక్కపెట్టి వినిపించారు.
ఏది ఎంత మునిగిందో, ఎంత సరుకు మోస్తోందో.
వారం తిరక్కుండా ఒక క్రేను డ్రైవరు కార్డు రాశాడు:
"నాలుగోది ఖాళీ ఓడండి. మునగలేదు, ఒరిగింది."
ఆ కార్డు ఆయన చొక్కా జేబులో
చెమటకి మెత్తబడి చిరిగేదాకా ఉంది.

ఆ రోజు సంగతి ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు.
జిల్లాల ఫైనలు. ఆఖరి జోడీ.
గెలవాలంటే పంతొమ్మిది.
పదకొండోవాడు భీమిలి కుర్రాడు,
ప్యాడ్లు అరువువి,
ఎడమ ప్యాడుకి బకిల్ లేక కొబ్బరితాడు.
డేనియల్ హెడ్‌ఫోన్ తీసి నాకేసి చూశాడు.
వేలితో గొంతు మీద అడ్డంగా గీశాడు.
సిరిపురంలో ఎవడో గొయ్యి తవ్వుతూ
తీగ తెంపేశాడు.
ఊళ్లో రేడియోలన్నిటిలో ఈపాటికి
వీణ మొదలై ఉంటుంది.

"లైను పోయింది" అని చీటీ రాశాను.
జరపబోయి ఆగాను.

ఇప్పిలి వారు లేచి నిలబడి ఉన్నారు.
"కొట్టీసినాడు బాబూ! గుంటడు కొట్టీసినాడు!
ఎల్లిపోనాది, ఇడ్లీబండి కాడికెల్లిపోనాది!
మీ అమ్మ కడుపు సల్లగుండ,
తాడు కట్టుకున్నోడికి తల తిరగదేటి?
లగెత్తు నాయినా, లగెత్తు, ఎనక్కి సూడకు..."

ఆరు ఓవర్లు.
ఒక్క శరవేగం లేదు, ఒక్క సరిహద్దు లేదు.
గొంతు బొంగురుపోయింది.
డేనియల్ మెషీను వదిలేసి
గడప మీద కూర్చుని విన్నాడు.
నేను రెండు బంతులు రాయడం మరిచిపోయాను.
ఆ రెండు గళ్లూ ఇప్పటికీ ఖాళీ.

రెండు పరుగుల దూరంలో కుర్రాడు రనౌటు.
వెనక్కి చూశాడు.

ఇప్పిలి వారు కూర్చుని, కళ్లద్దాలు తుడుచుకుని,
"బావుందా?" అన్నారు.
"లైను కాస్త..." అన్నాను.
"టీ సల్లారిపోద్ది, పద."

బల్బు ఆయన ముందే ఉంది, జానెడు దూరంలో.
ఆరిన సంగతి
ఆయన చూడలేదని ఇన్నాళ్లూ అనుకున్నాను.
నిన్న స్కోరుబుక్కు దులుపుతుంటే
ఆ చీటీ జారిపడింది.
వెనకవైపు, నాది కాని అక్షరాలతో,
"తెలుసు."